నోటిఫికేషన్ పడకముందే

నా పెద్దకూతురు పోయి నెల దాటింది. మూడు రోజుల జ్వరం, అంతే. ఆ పూట ఆస్పత్రిలో దాని దగ్గర వాళ్ల నాన్న ఉన్నాడు. మా అత్తకు అన్నం పెట్టాలని నేను ఇంటికొచ్చాను. అన్నం కలుపుతుంటే ఫోన్ మోగింది. "పాప లేదే" అన్నాడు. నా అరుపు విని అత్త "ఎవరు పోయినారే?" అంది. చెప్పాను. గుండెలు బాదుకుంది. మర్నాడు మళ్లీ "పాప యాడికి పోయింది?" అంది. ఆమెకు మతిమరుపు జబ్బు. రోజూ అడుగుతుంది, రోజూ చెబుతాను.

సమాధి దగ్గర పాస్టరుగారు "ప్రభువు పిలుచుకున్నాడమ్మా" అన్నారు. ఒళ్లు మండింది. ముందుగా ఒక్క మాట చెప్పొద్దా? నా బిడ్డ ఏ పనికైనా ఏడాది ముందే సిద్ధమయ్యే మనిషి.

నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

అది నెల్లూరులో ఒక కాలేజీలో పనిచేసేది. ముసలితనంలో వచ్చే మతిమరుపు మీద పరిశోధన. ముత్తుకూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. ఆ పరిశోధనలకు డబ్బిచ్చేవాళ్లు అప్లికేషన్లు పంపమని ఎప్పుడో ఒకసారి నోటిఫికేషన్ వేస్తారట. చేతిలో పని ఉండగానే రాబోయేదానికి కాగితాలు రాసుకునేది.

"వచ్చే ఏడాది సంగతి ఇప్పుడెందుకే, కాఫీ చల్లారిపోతా ఉంది" అని కసిరేదాన్ని.

"నోటిఫికేషన్ పడినాక మొదలుపెడితే అందదమ్మా. పులుసుకు చేపలు కావాలంటే నువ్వు ముందురోజే చెప్పిపెట్టవా? ఇదీ అంతే" అని నవ్వేది.

అత్తకు జబ్బు ఇంత ముదరనప్పుడు ఒకరోజు అది ఆమెకు కాగితమిచ్చి గడియారం గీయమంది. పరీక్షలో అదొక ప్రశ్నట. అత్త సున్నా చుట్టి ఊరుకుంది. "మార్కులు లేవమ్మా" అని నా బిడ్డ మొహం చిన్నబుచ్చుకుంది.

నాకు కోపమొచ్చింది. "ఆమె ఏనాడన్నా గడియారం చూసి బతికిందా? పొద్దు చూసుకుని బతికిన మనిషి. పులుసు ఎట్టా చెయ్యాలో అడుగు!"

అడిగింది. చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో అనేదాకా అత్త వరుస తప్పలేదు. నా బిడ్డ అంతా రాసుకుంది. "మనోళ్లకు మన పరీక్ష కావాలమ్మా" అంది. కొత్త అప్లికేషన్ అదే. ఐదో తరగతి చదివిన నా మాటను ఇంగ్లీషు కాగితంలోకి ఎక్కించింది. నన్ను అంతగా గౌరవించిన మనిషి ఇంకొకరు లేరు.

మొన్న దాని సామాన్లు తెచ్చుకుందామని కాలేజీకి పోయాను. దానికి పైన ఉండే సారు "ఆ అప్లికేషన్ పక్కన పెట్టేశామమ్మా. రాసిన మనిషే లేదు గదా" అన్నాడు.

"మనిషి లేదు సారూ, రాసింది ఉండాది గదా! మీ పేరు పెట్టుకుని పంపండి. దాని పేరు కూడా వద్దు."

"నోటిఫికేషన్ ఇంకా పడలేదమ్మా. పడినాక చూద్దాం."

"పడినాక చూస్తే అందదు సారూ" అన్నాను. నా నోట దాని మాటే. ఆయన తల దించుకున్నాడు గానీ మాటివ్వలేదు. ఇక ప్రతి సోమవారం పోయి ఆ గది ముందు బెంచీ మీద కూర్చుంటాను. లేపి పంపేస్తే మళ్లీ పోతాను.

ఇవాళ చేపల పులుసు చేశాను. అత్త తన కంచంలోంచి నడిముక్క తీసి గిన్నెలో వేసి మూత పెట్టింది.

"పాపకు. వచ్చినాక వెతుక్కుంటే ఉండదు, ముందే తీసిపెట్టాల."

ఈసారి నేను చెప్పలేదు. గిన్నె అట్లాగే ఉంది, పొయ్యి పక్కన, మూత పెట్టి.