పెద్దమ్మ కారుకు కట్టిన గంజిగుడ్డ

మా పెద్దమ్మ పోయింది. నందికొట్కూరు నుంచి ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసేసరికి నేను కర్నూలులో కాలేజీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. "అమ్మ పోయింది పాపా. కాఫీ తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, కుర్చీలో కూర్చునింది. అంతే" అన్నాడు. మళ్లీ తనే, "పొద్దున్నే కారు కూడా కడిగి పెట్టిండాది" అన్నాడు. మొదటి మాటకు రాని ఏడుపు ఆ రెండో మాటకు వచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నందికొట్కూరు బజారులో బట్టల అంగడి ఆమెది. కానీ ఆ ఊళ్లో ఎవరిని కదిలించినా ముందు అంగడి సంగతి చెప్పరు, కారు సంగతే చెబుతారు. గుండ్రటి ముక్కు, నలుగురు ఒద్దికగా పట్టే వెనక సీటు, మీగడ రంగు. పెదనాన్న ముచ్చటపడి కొన్నది. ఆ కారు పొగ పరీక్ష తప్పి మళ్లీ నెగ్గిన వైనం చెప్పకుండా పెద్దమ్మను తలుచుకోవడం నా వల్ల కాదు. ఆమె ఉంటే తనే చెప్పేది, నాకన్నా బాగా, చేతులు తిప్పుతూ.

పెదనాన్న పోయిన కొత్తలో కారు షెడ్డులో ఉండేది, పెద్దమ్మ అరుగు మీద ఉండేది. సరుకు కోసం ఆదోనికో ప్రొద్దుటూరుకో పోవాలంటే మరిది వచ్చి నడపాలి. పొద్దున్నే వస్తానన్న మనిషి మధ్యాహ్నం వచ్చేవాడు. ఒకరోజు అసలు రానేలేదు. ప్రయాణానికి కట్టుకున్న చీరతోనే పెద్దమ్మ పొద్దుగూకే దాకా అరుగు మీద కూర్చుంది. మరునాడే మార్కెట్ యార్డు మైదానంలో స్టీరింగు పట్టుకుంది. శనక్కాయ మూటల మధ్య నలభై దాటిన ఆడమనిషి కారు తిప్పుతుంటే హమాలీలు పని మానుకుని చూశారట. "సూస్తే సూడనీ, అడ్డం రాకుంటే సాలు" అందట. అరుగు మీద కూర్చుని ఒకరి కోసం ఎదురు చూడటం ఆ రోజుతో సరి అని ఆమె మాకు ఎన్నిసార్లు చెప్పిందో.

మనిషి పొట్టి. సీటు మీద దిండు వేసుకుంటే గానీ రోడ్డు కనిపించేది కాదు. బయలుదేరే ముందు బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు తట్టేది. బర్రెలు అడ్డం వస్తే హారన్ కొట్టేది కాదు, మనుషులు వస్తే మాత్రం వదిలేది కాదు. "బర్రెకు తెల్దు, మనిసికి తెల్సు గదా" అనేది. పక్కింటి ముస్లిం పిన్నమ్మను మేమంతా ఖాలా అనేవాళ్లం, ఆమె మా పెద్దమ్మ అంగడికి రవికలు కుట్టేది. ఆమెకు చక్కెర జబ్బుతో కళ్లు మందగించాయి. నెలకోసారి కర్నూలు తీసుకుపోయి కంటికి సూది మందు వేయించే పని పెద్దమ్మది, ఆమె కారుది. వాళ్లిద్దరూ ముందు సీట్లలో కూర్చుని మాట్లాడుకుంటూ పోతుంటే వెనక కూర్చున్న నాకు మాట చొరబడే సందు దొరికేది కాదు.

ఇక ఆ గుడ్డ సంగతి. మా సీమలో ఎండాకాలం గాలి లేచిందంటే ఎర్రమట్టి బీరువాలోకి కూడా దూరుతుంది. ఇంజనుకు గాలి వడకట్టే ఫిల్టరు మీద పలచటి గుడ్డ కట్టడం మా వైపు ట్రాక్టర్లకూ జీపులకూ మామూలే. పెద్దమ్మ బట్టల మనిషి కదా, ఏదో ఒక గుడ్డ కడితే ఆమెకు ఒప్పుతుందా? అంగడిలోని మంచి తెల్ల మల్లుగుడ్డ తీసుకుని, మడతలు వేసి, ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు బిగించేది. ప్రతి శుక్రవారం దాన్ని విప్పి, ఉతికి, తన చీరలతో పాటు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ కట్టేది. బానెట్ ఎత్తినవాళ్లంతా ఆ తెలుపు చూసి మెచ్చుకునేవాళ్లు. నేనూ మెచ్చుకున్నాను.

కారుకు రిజిస్ట్రేషన్ గడువు వచ్చింది. పదిహేనేళ్లు దాటిన కార్లకు ఐదేళ్లకోసారి ఈ తతంగం తప్పదు. పొగ పరీక్ష నెగ్గాలి, బండిని రవాణా ఆఫీసులో చూపించాలి, పాతబండి పన్ను కట్టాలి. అన్నీ సరిగా ఉంటే ఇంకో ఐదేళ్లు తిరగవచ్చు. ఊళ్లో మాత్రం పాత కార్లన్నీ తుక్కుకేనని పుకారు లేచింది. మా అన్న ఆ పుకారును ఇంట్లోకి తెచ్చాడు. "ఇచ్చేద్దాం మా. నా కారు ఉండాది గదా, యాడికి పోవాలన్నా నేను తీసకపోతా" అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. పెద్దమ్మ అరుగు వైపు చూసి, మళ్లీ వాడి వైపు చూసి, "పరీచ్చ కానీ నాయనా, ఆమైన సూద్దాం" అంది.

అంతకుముందు ఈ పనులన్నీ ఏజెంటు చూసుకునేవాడు. ఈసారి తనే పోతానంది. కాలేజీ సెలవులకు నేను నందికొట్కూరులోనే ఉన్నాను, ఒక ఆదివారం అన్నతో కలిసి ముగ్గురం పోయాం. పెట్రోలు బంకు పక్కన పొగ పరీక్ష చేసే వ్యాను ఉంది. అందులో మనిషి దిగి వచ్చి, ఫోన్‌తో నంబరు ప్లేటు ఫొటో తీసి, "సాలమ్మా, పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చేస్తాది, కూర్చో" అన్నాడు.

"పొగ సూడవా?" అంది పెద్దమ్మ.

"అందరికీ ఇట్లే తీస్తాండామమ్మా. ఎవరూ గొట్టం పెట్టమని అడగరు."

"నేను అడుగుతాండా. పెట్టప్పా. నా బండి బాగుండాదో లేదో నాకు తెల్వాల గదా."

వాడు వ్యానులో వెతికి, దుమ్ము దులిపి, గొట్టం తెచ్చి సైలెన్సరులో పెట్టాడు. తెర మీద అంకెలు ఎగబాకాయి. కార్బన్ మోనాక్సైడ్ హద్దు దాటి చాలా పైకి పోయింది. కారు తప్పింది. వాడికే మొహమాటం వేసి, గొంతు తగ్గించి, "ఏం కాదు లేమ్మా. గొట్టం ఆ పక్కనుండే కొత్త కారుకు పెట్టి, ఫొటో నీ కారుది తీస్తా" అన్నాడు.

మా అన్న సరే అనేశాడు. పెద్దమ్మ వద్దంది. "ఊరంతా ఇట్లే చేస్తాండారు మా, నీ ఒక్కదానికే యాడలేని నీతి" అని వాడు విసుక్కున్నాడు. పెద్దమ్మ నిదానంగానే చెప్పింది. "మీటరు కడ్డీ పట్టుకునే నీ సదువు, నీ పెండ్లి చేసినా. ఒక్కరికన్నా వేలెడు తక్కువ కొలవల్యా. ఇప్పుడు నా బండి కాడికొచ్చేతలికి కడ్డీ మార్సమంటావా?" వ్యాను మనిషి తల గోక్కున్నాడు. మేము కాగితం లేకుండా ఇంటికి వచ్చాం.

మెకానిక్ వచ్చి చూశాడు. బానెట్ ఎత్తి, ఆ తెల్ల గుడ్డను చూసి, "ఇంత సుద్దంగా ఎవరు పెట్టుకుంటారమ్మా" అని మెచ్చుకుని, ఇంజను చప్పుడు విని, వయసైపోయిందని తేల్చాడు. పరీక్ష నెగ్గని బండిని రోడ్డెక్కించేది లేదని పెద్దమ్మ షెడ్డుకు తాళం వేసింది. ఆ తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరిగింది కానీ, షెడ్డు వైపు చూసేది కాదు. అంత ఉత్సాహంగా ఉండే మనిషి అన్నం దగ్గర కూడా మాట్లాడటం మానేసింది. నాకు భయం వేసింది.

ఇంతలో ఖాలాకు సూది మందు వేయించే రోజు వచ్చింది. తీసుకుపోతానన్న మా అన్న అంగడిలో చిక్కుకున్నాడు. ఇదిగో వస్తున్నా, అదిగో వస్తున్నా అని ఫోన్లు. గంజి చీర కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, పెద్దమ్మ మళ్లీ అదే అరుగు మీద కూర్చుంది. నేను ఆ దృశ్యం చూడలేకపోయాను. కాసేపటికి తనే లేచి, "పాండి, బస్సుకు పోదాం" అంది.

దారిలో రోడ్డు పనులు జరుగుతున్నాయి. ముందు పోయే టిప్పరు లేపిన ఎర్రదుమ్మంతా బస్సు కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. ఖాలా తల మీది పలచటి ఓణీ మూతికి అడ్డం పెట్టుకుని నింపాదిగా కూర్చుంది. పెద్దమ్మ చీరకొంగు మడిచి గట్టిగా ముక్కుకు అదుముకుంది. రెండు నిమిషాలకు కొంగు తీసి ఆయాసపడింది. మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసింది.

"ఏమే, నీకు ఊపిరి ఆడతాండాదా?" అంది.

"నాకేం, బాగా ఆడతాండాదక్కా. నీది గంజి కొంగు గదా, అట్ట మాదిరి ఉండాది. దాంట్లో గాలి యాడ దూరుతాది?" అంది ఖాలా.

పెద్దమ్మ ఆ ఓణీ అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. తన కొంగును నలిపి చూసింది. జీవితమంతా గుడ్డ తడిమి రకం చెప్పిన వేళ్లు అవి. ఉన్నట్టుండి నా మోకాలు మీద ఒక్కటి చరిచింది. "పాపా, నా కారు గొంతు నేనే పిసికినానే" అంది. ఖాలాకు అర్థం కాలేదు కానీ, అక్క మొహం వెలిగిందని ఆ మసక కళ్లతోనే కనిపెట్టి తనూ నవ్వింది.

ఆస్పత్రి పని ముగించుకుని సాయంత్రం ఇల్లు చేరగానే కాళ్లన్నా కడుక్కోకుండా షెడ్డు తాళం తీసింది. బానెట్ ఎత్తి గుడ్డ విప్పింది. అన్ని మడతల మీద అంత గంజి ఉంటే గాలి ఎక్కడిది? గాలి చాలక పెట్రోలు సగం సగం కాలి, అదే నల్లపొగై పోతోంది. దుమ్ము పడకూడదని పెద్దమ్మ ప్రేమగా చేసిన పని అది. ఫిల్టరు కొత్తది వేయించి, గుడ్డ లేకుండా కారు తీసింది. బజారులో దాని చప్పుడు విని అంగళ్లవాళ్లు తలెత్తి చూశారు. అంత హాయిగా ఉంది ఆ చప్పుడు.

వ్యాను దగ్గర ఈసారి ఆమె చెప్పకముందే గొట్టం బయటికి వచ్చింది. అంకెలు కాస్త పైకి పోయి, హద్దుకు బాగా కిందే ఆగిపోయాయి. "ఇంగోసారి పెట్టు" అంది పెద్దమ్మ. మళ్లీ అక్కడే ఆగాయి. వ్యాను మనిషి నోరు తెరిచి, "ఏం చేసినావమ్మా, ఇంజను మార్పించినావా?" అన్నాడు.

"గుడ్డ ఇప్పినా" అంది పెద్దమ్మ.

కర్నూలు రవాణా ఆఫీసులో అధికారి కారు చుట్టూ తిరిగి, లైట్లు, బ్రేకులు చూసి, పొగ కాగితం చూసి, దిండు మీద కూర్చున్న పెద్దమ్మను చూసి, "మీరే నడుపుతారామ్మా?" అన్నాడు. "ఇంగెవురు నడుపుతారు సామీ?" అంది. ఇంకో ఐదేళ్లకు రాసిచ్చారు. పాతబండి పన్ను గొణక్కుండా కట్టింది. తిరిగొచ్చేటప్పుడు అడ్డదారి ఉన్నా బజారు మీదుగా తిప్పి తెచ్చింది, మా అన్న కూర్చున్న అంగడి ముందు హారన్ కొట్టింది. ఆ వారమే వీధి ఆడవాళ్లనందరినీ వంతులవారీగా మహానందికి తీసుకుపోయింది. కోనేటి చల్లటి నీళ్లలో నడుముదాకా నిలబడి, ఖాలాకు మళ్లీ మొదటినుంచీ ఆ కథ చెబుతూ పెద్దమ్మ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. అంత గెలుపు మా ఇంట్లో ఎవరమూ చూడలేదు.

తన పొరపాటు దాచుకునే మనిషి కాదు. ఆ గుడ్డను గంజి పోయేదాకా ఉతికి అంగడిలో మేకుకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపించి తన మీద తనే జోకులు వేసుకునేది. పాత జీపులవాళ్లు, పాత కార్లవాళ్లు బట్టలు కొనకపోయినా ఆ కథ వినడానికి వచ్చేవాళ్లు. "గొట్టం పెట్టించినావా?" అన్నది ఆమె పలకరింపు అయిపోయింది. లేదని నసిగితే, "గొట్టం పెడితే బండి తన బాధ తాను సెప్పుకుంటాది. ఫొటో తీస్తే ఏం సెప్తాది పాపం?" అనేది. మన పాతబండ్లను లాక్కోవడానికే ఆ పరీక్ష వచ్చిందని భయపడి దాక్కునేవాళ్లం మేమంతా. దానికి ఎదురుపోయి నిలబడి, తన కారును తను దక్కించుకున్న మనిషి మా పెద్దమ్మ. బంకు దగ్గర ఇప్పుడు వ్యాను మనిషి గొట్టం లోపల పెట్టడు, బయటే వేలాడదీస్తాడు.

తర్వాత ఆ మల్లుగుడ్డను అంగడి నుంచి తెచ్చి షెడ్డులో మేకుకు తగిలించి, దానికి ఆమె వేరే పని పెట్టింది. పొద్దున్నే కారు స్టార్టు చేసి, సైలెన్సరు వెనక గుడ్డ పట్టుకుని, తెల్లగా ఉంటేనే బండి తీసేది. చివరి రోజుదాకా ఆ గుడ్డ మీద మసి పడలేదు.

కర్మలు ముగిసిన మరునాడు ఖాలా కంటికి మళ్లీ సూది మందు రోజు. ఆమె ఎవరినీ అడగలేదు, తన ఇంటి గడప మీద ఊరికే కూర్చుని ఉంది. మా అన్న అది చూసి లోపలికి పోయి తాళంచెవి తెచ్చి, పెద్దమ్మ దగ్గరే బండి నేర్చుకున్న నా చేతిలో పెట్టాడు. తుక్కుకు ఇచ్చేద్దామన్న మనిషి, మేకు మీది గుడ్డ తీసుకుని కారు వెనక్కి పోయి వంగి కూర్చున్నాడు. నేను దిండు మీద కూర్చుని, దిగి, మరిచిపోయిన రెండు దెబ్బలు బానెట్ మీద తట్టి, మళ్లీ కూర్చుని స్టార్టు చేశాను. ఒక్క తిప్పుకే అందుకుంది. ఖాలా లేచి వచ్చి తన మామూలు సీట్లో కూర్చుంది.

"ఎట్లుండాదన్నా?" అని కేకేశాను.

దిగి వెనక్కి పోయి చూశాను. చల్లటి సైలెన్సరు వదిలిన ఆవిరి నీళ్లకు గుడ్డ తడిసింది, నల్లబడలేదు. వాడు దాన్ని రెండు చేతులా వెడల్పుగా పట్టుకుని, అంగడికి వచ్చినవాళ్లకు వాళ్లమ్మ కొత్తగుడ్డ విప్పి చూపించినట్టు నాకు చూపించాడు.