అక్క గీసిన అక్షరాలు

అక్క పోయిందని వృద్ధాశ్రమం కార్యదర్శి ఫోన్ చేసి చెప్పాడు. అదే గొంతుతో, "మన సైట్లో ఆమె గురించి ఒక పేజీ పెడతా ఉండామమ్మా, నువ్వూ నాలుగు ముక్కలు రాయి" అన్నాడు. రాస్తున్నాను. అతను అడిగినట్టు మాత్రం కాదు.

అందరూ అక్కా అని పిలిచే ఆమెకి తిరుపతి బస్టాండు దగ్గర డీటీపీ షాపు ఉండేది. పాలిటెక్నిక్ అయ్యాక ఆరేళ్ళు నేను ఆమె దగ్గరే పనిచేశాను. మాకు పెళ్ళిపత్రికలకన్నా 'కనబడుటలేదు' కరపత్రాలే ఎక్కువ. కొండకొచ్చిన జనంలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్ళు ఫోటో పట్టుకుని మా మెట్లెక్కేవాళ్ళు. అక్క ముందు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేది. "ఏం చీర కట్టుకోనుండె? నిదానంగా గుర్తు తెచ్చుకో" అనేది. ఊరి చివర ఆశ్రమంలోనేమో, తమ ఊరి పేరు చెప్పలేని పెద్దవాళ్ళు, తమకోసం ఎవరైనా వస్తారేమోనని గేటు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు. వాళ్ళ వివరాలు తెలుగులో ఒక వెబ్‌సైట్లో పెడదామన్నది అక్క ఆలోచనే.

అప్పటి కంప్యూటర్లలో తెలుగు ఉండేది కాదు. అక్షరాల రూపాలుండే ఫాంటు పేజీతో పాటే రావాలి. రాకపోతే తెరంతా పిచ్చి గుర్తులే. అక్క తన ఫాంటు తానే తయారుచేసుకుంటోంది. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఒక్కో అక్షరం గీసి, ముసలి కళ్ళకి ఆనుతుందా అని చెయ్యి చాపి దూరం నుంచి చూసుకునేది. నాకు అంత ఓపిక లేదు. ఒక కంపెనీ తన సర్వరు నుంచి తెలుగు ఫాంటు ఉచితంగా ఇస్తోంది. మన పేజీలో ఒక్క లైను రాస్తే చాలు, అదే వాడదామన్నాను.

"యాడో ఉండే వాళ్ళింట్లో మన అచ్చరాలు పెడితే, వాళ్ళు తలుపేసుకున్న రోజు మనం యాడికి పోవాల పాపా?" అంది అక్క.

"అంత పెద్ద కంపెనీ యాడికి పోతాదక్కా!" అని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కార్యదర్శి కూడా నా వైపే మాట్లాడాడు. అక్క ఒప్పుకుంది.

ఏడాది తిరక్కుండా ఆ కంపెనీ ఫాంటు ఇవ్వడం ఆపేసింది. మాకు ఒక్క ముక్క రాయలేదు. మా షాపు కంప్యూటర్లలో ఆ ఫాంటు ముందే వేసి ఉండడంతో మాకు అంతా చక్కగానే కనిపించింది.

మూడు వారాల తర్వాత బంగారుపాళ్యం నుంచి ఒకతను కరపత్రాలు వేయించడానికి వచ్చాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. అతని చేతిలోని ఫోటో చూడగానే అక్క లేచి నిలబడింది. అతని తల్లి మా ఆశ్రమంలోనే ఉండి, వారం కిందటే చనిపోయింది. ఆ సంగతి అక్కే చెప్పింది.

అతను ఏడవలేదు. "ఎవురో చెప్తే చిత్తూరులో నెట్ సెంటరుకి పోయి మీ సైటు సూసినానక్కా. పురుగులు పాకినట్టు ఉండె. మా యమ్మ పేరు ఆడ ఉండెనా?" అన్నాడు.

"ఉండెనప్పా" అంది అక్క.

అతను వెళ్ళాక అక్క నన్ను తిడుతుందని చూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గళ్ళ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. నెల దాటకముందే ఫాంటు పూర్తిచేసి మా సైటు ఉండే సర్వరులోనే పెట్టింది. తర్వాత చేర్చిన ఫోటోలూ అక్కడే. "మన పేజీకి కావాల్సిందంతా మనింట్లోనే ఉండాల" అనేది. ప్రతి శనివారం ఏదో ఒక నెట్ సెంటరుకి వెళ్ళి, పరాయి కంప్యూటర్లో సైటు తెరిచి చూసి వచ్చేది.

ఆమె గుండెజబ్బుతో మంచాన పడిన ఆరు నెలల్లో కార్యదర్శి సైటుని కొత్తగా చేయించాడు. సంతాపసభలో దాన్ని తెర మీద చూపించాడు. అక్క ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ గడి, దాని మూలన ఫోటో దొరకలేదనే ఎర్ర గుర్తు. ఆశ్రమంలో వాళ్ళందరి ఫోటోలదీ అదే గతి.

"ఫోటోలు యాడ పెట్టినారు?" అని నిలబడి అడిగాను.

"ఫ్రీగా ఇచ్చే చోట యాడో పెట్టినారమ్మా, అది ఆగిపోయినట్టుండాది. రెండు రోజుల్లో అదే సరైపోతాదిలే. ఇప్పుడా ఈ మాట?"

"ఇప్పుడే. ఆ రెండు రోజుల్లో ఎవురి కొడుకొచ్చి సూసి తిరిగిపోతాడో మీకు తెలుసునా?"

 కార్యదర్శి సైటు పాస్‌వర్డు రాసిచ్చేదాకా నేను కూర్చోలేదు.

మర్నాడు రేణిగుంటలో, మా ఇంటి దగ్గరి నెట్ సెంటర్లో, అక్క సీడీలో దాచిన ఫైళ్ళన్నీ తిరిగి మా సర్వరుకి ఎక్కించాను. మధ్యాహ్నమంతా పట్టింది. కోపంలో రెండుసార్లు పాస్‌వర్డు తప్పు కొట్టాను. చివరికి పేజీ తెరిస్తే, ఆశ్రమంలో ఉండే ఒక పెద్దామె ముఖం పైనుంచి గీత గీతగా దిగసాగింది. తెల్లటి పాపిట. నుదుటి మీద పచ్చబొట్టు. ఆ తర్వాత కళ్ళు. పక్క కుర్చీలో ఉన్నావిడ టైపు చేయడం ఆపి, ఆ ముఖం వైపు వంగి చూస్తోంది.