గట్టు మీది పన్నెండో ఎక్కం

ముఖం చూపి హాజరు వేసే యాప్ వచ్చిన మరుసటి ఏడు, అమలాపురంలో నేను ఉపాధ్యాయ సంఘం కార్యదర్శిని. సంఘం పనంటే ఊరేగింపులూ జిందాబాద్‌లే అనుకుంటారు చాలామంది. అసలు పని, విద్యాశాఖ ఆఫీసరుగారి బల్లకు ఇవతల కూర్చుని ఓపిగ్గా బేరమాడటం.

ఆ ఏడు సుజాత కేసు వచ్చింది. గోదావరి మధ్యనున్న లంక గ్రామంలో ప్రాథమిక పాఠశాల టీచరు, ప్రొబేషన్‌లో ఉంది. ప్రొబేషన్ అంటే పరీక్షా కాలం; అది పూర్తయిందని ఆర్డరు వస్తేనే ఉద్యోగం ఖాయం. వరద సెలవులు అయిపోయినా బడిలో నీళ్లు దిగలేదు. ఊరంతా ఏటిగట్టు మీదే ఉంటే, ఆమె అక్కడే టార్పాలిన్ కింద పాఠాలు చెప్పింది. యాప్ మాత్రం బడి ఆవరణ దాటితే హాజరు తీసుకోదు. చెప్పాపెట్టకుండా బడికి రావడం మానేసిందని, ప్రొబేషన్ ఎందుకు రద్దు చేయకూడదని నోటీసు వచ్చింది.

నాలుగు సిట్టింగులకి ఆఫీసరుగారు మెత్తబడ్డారు. "ఆ రోజులకి జీతం లేని సెలవు పెట్టమనండి. ప్రొబేషన్ కాస్త పొడిగించి ఖాయం చేసేద్దాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. "సంతకం పెట్టెయ్యమ్మా" అన్నాను.

"నేను సెలవులో లేనండీ, సార్. పాఠం చెప్పేను. చెప్పలేదని నా చేత్తో ఎలా రాస్తానండీ?"

నాకు ఒళ్లు మండింది. నోటి దగ్గర కూడు కాలదన్నుకుంటోంది అనుకున్నాను.

చివరికి, ఇరుపక్షాలూ నమ్మే ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారికి ఆర్బిట్రేషన్ అప్పగించాం. అంటే ఆయన చెప్పిన తీర్పు ఇద్దరమూ పాటించాలి. ఆయన కాగితాల జోలికి పోకుండా, అందరినీ పడవెక్కించి లంకకు తీసుకెళ్లారు.

బడిలో ఒక పాపను లేపి, "గట్టు మీద ఏం నేర్చుకున్నావమ్మా?" అని అడిగారు.

"పన్నెండో ఎక్కం అండి." మొదలెట్టింది గానీ, ఇంతమందిని చూసి సగంలో ఆగిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లమ్మ టక్కున అందుకుంది. "పన్నెండేడులు ఎనభై నాలుగు, పన్నెండెనిమిదులు తొంభై ఆరు..."

"నీకెలా వచ్చిందమ్మా?" అన్నారాయన.

"పక్కనే పొయ్యి పెట్టుకున్నామండి. టీచరుగారు రోజూ చెప్పించేవోరు. కూడు ఉడికేలోగా మా ఆడోళ్లందరికీ వచ్చేసిందండి, ఆయ్."

ఆఫీసరుగారు ఫక్కున నవ్వేశారు. "ఇంక నేను చెప్పేదేముందండీ, ఆ రోజులన్నీ డ్యూటీయే" అన్నారు పెద్దాయన. అన్నాళ్లూ బిగబట్టుకున్న సుజాత అప్పుడు ఏడ్చింది. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది.

నాకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. ఇప్పుడు బేరానికి కూర్చునే ముందు మా సభ్యుల్ని మొదట అడిగేది ఒకటే: "మీరు ఏది వదులుకోలేరు?" దాన్ని వదిలేసే హక్కు నాకు లేదు.