డౌన్ ట్యూబ్ మీద చెక్కిన అక్షరాలు

2011. తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులన్నీ డిపోల్లో ఆగిపోయిన రోజులు. మహబూబాబాద్‌లో, అంటే మా నోట్లో మానుకోటలో, స్టేషన్‌కు పోయే దారిలో నాది సైకిల్ షాపు. బస్సులు లేకపోతే జనానికి సైకిలే దిక్కు. అటకెక్కిన పాత సైకిళ్లన్నీ కిందికి దిగి నా షాపు ముందు బారులు తీరాయి. ముప్పై ఏళ్ల పనిలో ఎన్ని సైకిళ్లు నా చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు. వాటిలో ఒక్కదాని గురించే ఇక్కడ రాస్తున్నాను. దాన్ని పాడుచేసింది నేనే కాబట్టి రాయడానికి చెయ్యి అంత తొందరగా కదలడం లేదు.

ముందు మా ఇంటి పనితనం గురించి చెప్పాలి. మా నాన్న సైకిళ్లు బాగుచేస్తూనే గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. ఇత్తడి బిందె అయినా స్టీలు టిఫిన్ డబ్బా అయినా చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని చుక్క చుక్కగా అక్షరాలు చెక్కేవాడు. ఆ చెయ్యి నాకూ వచ్చింది. మా దగ్గర కొత్త సైకిల్ కొన్నవాళ్లు ఫ్రేమ్ మీద పేరు కొట్టించుకోకుండా కదిలేవాళ్లు కాదు. దొంగ ఎత్తుకుపోతే గుర్తుపట్టాలి కదా. ఉద్యమం వచ్చాక పేర్లు పోయి అందరూ ‘జై తెలంగాణ’ అడగడం మొదలుపెట్టారు. అది మాత్రం ఊరికే కొట్టిచ్చేవాణ్ణి. దారిలో ఏ సైకిల్ మీద నా అక్షరాలు కనబడినా లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

అంతకు ముందటేడు గూడూరు దగ్గరి ఒక ఊరి నుంచి సోమయ్య అనే రైతు, ఆయన బిడ్డ యాకమ్మ నా షాపుకొచ్చారు. యాకమ్మ అప్పుడు ఇంటర్‌లో చేరింది. కాలేజీకి అడవి దారిలో పాత సైకిల్ తొక్కుతూ వచ్చే ఆ పిల్ల వేగం చూసి, పీఈటీ సారు సైకిల్ పోటీలకు తయారు చేస్తున్నాడు. ఆమెకు మౌంటెన్ బైక్ కొనడానికి ఊరంతా చందాలు వేసుకుంటే, ఆ డబ్బుతో ఇద్దరూ వచ్చారు. మౌంటెన్ బైక్ అంటే గుట్టలూ రాళ్లూ ఉన్న దారిలో తొక్కే గేర్ సైకిల్. ఫ్రేమ్ అల్యూమినియంది, కంపెనీ ఐదేళ్ల వారంటీ ఇచ్చింది.

"నీ పేరు యాకూబ్, నా బిడ్డ పేరు యాకమ్మ. ఇద్దరికి ఒక్క అన్నారం దర్గా పేరే. ఇగ నువ్వు మాకు పరాయోనివా?" అన్నాడు సోమయ్య నవ్వుతూ. ఆ రోజు నుంచి ఆ పిల్ల నన్ను బాబాయ్ అన్నట్టు చిచ్చా అని పిలిచేది.

"ఫ్రేమ్ మీద పేరు కొట్టాల్నా అన్నా?" అని అడిగాను.

"పేరెందుకు భాయ్, జై తెలంగాణ కొట్టు. నా బిడ్డ తొక్కినంత దూరం అందరు సదువాలె."

డౌన్ ట్యూబ్ మీద కొట్టాను. హ్యాండిల్ కింది నుంచి పెడల్ దాకా ఏటవాలుగా దిగే లావుపాటి పైపు అది. తొక్కేవాళ్ల బరువు, గుంతల దెబ్బలు ఎక్కువగా దాని మీదే పడతాయి. స్టీల్ మీద ఉలి ఎగిరెగిరి పడుతుంది. అల్యూమినియం మీద మాత్రం మెత్తగా దిగింది. ఆ మెత్తదనం చూసి అక్కడే ఆగిపోవాల్సింది. నేనేమో ఇంత సుఖంగా ఎప్పుడూ కొట్టలేదని సంబరపడి, ఇంకాస్త లోతుగా కొట్టాను.

సమ్మె రోజుల్లో ఒక పొద్దున యాకమ్మ సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చింది. నెల దాటితే భూపాలపల్లి దగ్గరి అడవి దారుల్లో సెలెక్షన్ పోటీ ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిల్లో మొదటి ఇద్దరికి స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు, అక్కడే డిగ్రీ చదువు. ఆ డిసెంబర్‌కు ఆమెకు పద్దెనిమిది నిండుతాయి. అంటే అదే చివరి అవకాశం.

"చిచ్చా, గుట్టెక్కేటప్పుడు టక్కుటక్కుమని సప్పుడొస్తుంది. జర సూడు."

చప్పుడు ఫ్రేమ్‌లో ఉన్నట్టనిపించింది. వెంట్రుకంత సన్నటి పగులును మేం హెయిర్‌లైన్ క్రాక్ అంటాం. అది కంటికి ఆనదు. కిరోసిన్ పూసి, గుడ్డతో తుడిచి, పైన సుద్ద పొడి చల్లితే పగులులో దాక్కున్న కిరోసిన్ పొడిలోకి ఊరి గీతలాగా బయటపడుతుంది. అలాగే చేశాను. నాలుగు వేళ్ల పొడుగు గీత తేలింది. అది నేను కొట్టిన అక్షరాల మధ్య నుంచే మొదలై, ట్యూబ్ పక్కకు తిరిగి కిందికి పోయింది.

యాకమ్మ వంగి చూసింది. "గిది గీ అక్షరం కాడికెల్లి మొదలైనట్టున్నది గదా చిచ్చా?"

"కాదు బిడ్డా. కంపెనీ పైపులనే ఏదో లోపమున్నది. వారంటీల కొత్త ఫ్రేమ్ వస్తది, పరేషాన్ గాకు," అన్నాను.

నిజానికి అప్పటికి నాకు పూర్తిగా తెలియదు. అనుమానం మాత్రం వచ్చింది. ఆ అనుమానాన్ని నోటితో తొక్కేశాను.

నేను చిన్న షాపువాణ్ణి. కంపెనీకి అసలు డీలర్ జనగామలో ఉంటాడు. వారంటీ పని అతని ద్వారానే జరగాలి. రైళ్లు కూడా ఒక రోజు నడిచి ఒక రోజు ఆగుతున్నాయి. నడిచిన రోజు చూసుకుని, సామాన్లన్నీ విప్పి ఒట్టి ఫ్రేమ్‌ను గోనె సంచిలో చుట్టుకుని జనగామ పోయి ఇచ్చి వచ్చాను. పది రోజులకు డీలర్ రమ్మని ఫోన్ చేశాడు. కంపెనీ మనిషి వచ్చి చూసి పోయాడట. ఫ్రేమ్ బల్ల మీదే ఉంది, పక్కన ఒక ఉత్తరం ఉంది.

డీలర్ మంచివాడు, కసురుకోలేదు. "యాకూబ్, ఇది స్టీల్ కాదు. ఈ పైపు నడుమల మస్తు పలుచగ ఉంటది. నువ్వు ఉలితోని కొట్టిన చుక్క కాన్నే పగులు పుట్టింది. గింత పని చేసినంక వారంటీ ఎట్లిస్తరు?" అన్నాడు.

మా నాన్న కాలం నుంచి ఎన్ని స్టీల్ ఫ్రేముల మీద కొట్టాం! ఒక్కటీ విరగలేదు. స్టీల్ దెబ్బను ఓర్చుకుంటుంది, మరీ బరువైతే వంగుతుంది. అల్యూమినియంకు ఒక్క గాటు చాలు. కుదుపు కుదుపుకూ ఆ గాటు లోపలికి పాకుతూ పోతుంది. ఇదంతా ఆ బల్ల ముందు నిలబడి నేర్చుకున్నాను.

"రెండో పేరా సదువు," అన్నాడు డీలర్. వారంటీ వర్తించదు గానీ, పోటీలో పాల్గొనే పిల్ల కాబట్టి ఒక్కసారికి కంపెనీ తన ఇష్టంతో కొత్త ఫ్రేమ్ ఇస్తుందని అందులో ఉంది. షరతు ఒక్కటే. అక్షరాలు కొట్టింది నేనేనని, పగులుకు కారణం అదేనని నేను రాసివ్వాలి. కొన్నవాళ్లు అది చదివి సంతకం పెట్టాలి. పదిహేను రోజుల్లో పంపాలి.

"రాసియ్యి, అయిపోతది. వారంల ఫ్రేమ్ తెప్పిస్త," అన్నాడతను.

రైల్లో వస్తున్నంతసేపూ సోమయ్యతో ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. చెబుదామనే అనుకున్నాను. ఈ మాట ఎవరు నమ్మినా నమ్మకపోయినా నిజం.

షాపు దగ్గర సోమయ్య నా కోసం కాచుకుని ఉన్నాడు. గూడూరు రోడ్డు మీదే వండి తింటూ చేసిన వంటావార్పు నిరసన నుంచి నేరుగా వచ్చాడు, చొక్కాకు పొగ వాసన ఇంకా పోలేదు. పక్కన నలుగురైదుగురు ఊరివాళ్లు కూడా ఉన్నారు. సంచిలో పాత ఫ్రేమే కనబడేసరికి ఆయన ముఖం మాడిపోయింది.

"ఇయ్యం అన్నరా భాయ్?"

"వారంటీ రాదంట అన్నా."

"ఎందుకు రాదంట?" అని ఫ్రేమ్‌ను చేతిలోకి తీసుకుని అక్షరాల మీద చెయ్యి పెట్టాడు. "గిది సూసినరు గదా? జై తెలంగాణ అని ఉన్నదనే ఇయ్యలే గదా? చెప్పు భాయ్, గందుకే గదా?"

ఉత్తరం నా జేబులోనే ఉంది. అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. కాదు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అనలేదు. నేను తల దించుకున్నాను. దాన్ని వాళ్లు ఔననుకున్నారు.

మర్నాడు ఆ ఫ్రేమ్ దీక్షా శిబిరంలో వేలాడింది. సోమయ్య మైకు పట్టుకుని, "మన పేరు రాసుకున్నందుకు నా బిడ్డ సైకిల్ వాపస్ పంపిండ్రు," అని చెబుతుంటే జనం ఆవేశంతో ఊగిపోయారు. నన్ను కూడా పైకి పిలిచి అక్షరాలు చెక్కింది ఈ భాయే అని చప్పట్లు కొట్టించారు. యాకమ్మ కింద ఆడవాళ్ల మధ్య నిలబడి నా వైపే చూస్తోంది. ఆమె చప్పట్లు కొట్టలేదు. నేను చూపు తిప్పుకున్నాను.

ఇక నోరు విప్పడం నా వల్ల కాలేదు. ఒకసారి మాత్రం ఉత్తరం పట్టుకుని వాళ్ల ఊరి దాకా సైకిల్ తొక్కాను. సోమయ్య ఇంటి ముందు పదిమందిని కూర్చోబెట్టుకుని అదే కథ చెబుతున్నాడు. నన్ను చూసి లేచి వచ్చి, గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ ఇచ్చాడు. చాయ్ తాగి వెనక్కి వచ్చేశాను. పదిహేను రోజులూ గడిచిపోయాయి. ఉత్తరం సొరుగులో స్పోకుల కట్ట కింద పడింది. పిరికితనానికి ఇంకో పేరేమైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

చేసిన తప్పుకు బదులుగా ఒక పాత స్టీల్ ఫ్రేమ్ వెతికి, ఆమె గేర్లూ చక్రాలూ దానికి బిగించాను. నాలుగు రోజులు వేరే పని ముట్టుకోకుండా చేశాను. ఎంత చేసినా బరువు బరువే. పోటీ రోజు నేనూ వెంట పోయాను. భూపాలపల్లి అడవిలో ఎర్రటి కంకర దారి, నడుమ ఒక నిలువు గుట్ట. పల్లంలో, మలుపుల్లో యాకమ్మ అందరికంటే ముందే ఉంది. గుట్ట ఎక్కేటప్పుడు ఆ ఇనుము ఆమెను వెనక్కి లాగుతుంటే నేను కింద నిలబడి చూశాను. ఆమె మూడో స్థానంలో వచ్చింది. తీసుకునేది ఇద్దరినే.

ఆమె ఏడవలేదు. సైకిల్ నాకు అప్పగించి, "మంచిగనే నడిచింది చిచ్చా, నువ్వు మస్తు తిప్పలు పడ్డవ్," అంది. నన్ను ఓదార్చింది ఆ పిల్ల! చెట్టు చాటుకు పోయి ఏడ్చింది నేను.

ఆమె డిగ్రీ చదవలేదు. ఆ తర్వాత వాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

2014లో రాష్ట్రం వచ్చింది. సంబురాలకు రెండు రోజుల ముందు సోమయ్య, యాకమ్మ ఆ పగిలిన ఫ్రేమ్ పట్టుకుని షాపుకొచ్చారు. సోమయ్య బాగా చిక్కిపోయాడు. ఉద్యమంలో వెంట తిప్పుకున్నవాళ్లు ఇప్పుడు పలకరించడం లేదని నవ్వుతూనే అన్నాడు. ఊరేగింపులో ఫ్రేమ్‌ను ముందు పట్టుకుని నడుస్తాడట. "అక్షరాలు మెరిసేటట్టు చెయ్యి భాయ్, రంగు నింపు," అని చెప్పి చాయ్ తాగడానికి పోయాడు.

యాకమ్మ స్టూల్ మీద కూర్చుంది. చెల్పూర్ కరెంటు ప్లాంటు దగ్గర ఒక హోటల్లో వంటపని చేస్తోందట. "అటు దిక్కు బస్సుల పోతుంటె ఆ గుట్ట కనబడ్తది చిచ్చా," అంది. ఫ్రేమ్ మీద వేలు పెట్టి, పగులు వెంబడి జరుపుకుంటూ వచ్చి అక్షరం దగ్గర ఆపింది.

"నువ్వు సుద్ద పొడి సల్లిన నాడే నేను సూసిన."

"మరి ఎవలకు ఎందుకు చెప్పలే బిడ్డా?"

"నువ్వే చెప్తవని సూసిన."

సొరుగు లాగి, స్పోకుల కింది నుంచి ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాను. మొదటి పేరా చదివినప్పుడు ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. అది ఆమెకు తెలిసిందే. రెండో పేరా దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"అంటే, కొత్త ఫ్రేమ్ వస్తుండెనా?"

నేను తల ఊపాను. నన్ను తిట్టి ఉంటే, పక్కనున్న రెంచి తీసి నా నెత్తిన కొట్టి ఉంటే కొంత బరువు దిగేదేమో. బయట సోమయ్య గొంతు వినబడింది. నేను లేచాను. "అన్నకు ఇప్పుడన్న చెప్తా బిడ్డా, కాళ్లు మొక్కి చెప్తా," అన్నాను.

ఆమె ఉత్తరం మడిచి తన సంచిలో పెట్టుకుంది. "వద్దు చిచ్చా. ఆయనకు గదొక్కటే మిగిలింది."

"అయిందా భాయ్?" అంటూ సోమయ్య లోపలికొచ్చాడు.

"అయితున్నది బాపూ," అంది యాకమ్మ.

ఒక్కో చుక్కలో రంగు నింపి, తుడిచి ఇచ్చాను. ఆ ఫ్రేమ్ తర్వాత అల్యూమినియం మీదే కాదు, ఏ లోహం మీదా నేను ఉలి పెట్టలేదు. ఇది చదివే మెకానిక్‌లు ఎవరైనా ఉంటే వాళ్లకు చెప్పదలచింది ఇంతే. పని తెలియక చేసిన తప్పుకు ఏదో ఒక దారి దొరుకుతుంది. నాకు కంపెనీయే దారి చూపించింది, పదిహేను రోజులు గడువు కూడా ఇచ్చింది. ఆ గడువులో నేను ఒక కాగితం మీద నాలుగు మాటలు రాయలేకపోయాను.

సోమయ్య ఇప్పటికీ బజారులో ఎదురుపడితే ఆగుతాడు. పక్కనున్నవాళ్లకు నన్ను చూపించి, "నా బిడ్డ సైకిల్ మీద జై తెలంగాణ కొట్టింది గీ భాయే," అని చెబుతాడు. వాళ్లు నా చెయ్యి పట్టుకుని ఊపుతారు. నేను తల దించుకుని నిలబడతాను, ఆ రోజు నిలబడినట్టే.