ఉల్టా రంపం

ఎనభైల మొదట్లో జహీరాబాద్‌లో ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగే వడ్రంగిని నేను. రంపాన్ని ముందుకు తోసి కోయడమే పద్ధతని నమ్మిన మూర్ఖుణ్ణి. నాన్నేమో నేలమీద కూర్చుని, చెక్కను కాలితో తొక్కిపట్టి, రంపాన్ని తనవైపు లాగి కోసేవాడు. నాకు నామోషీ వేసి, ఆ ఉల్టా రంపాన్ని ఒకరోజు పాత ఇనుప సామాన్లవాడికి వేసేశాను.

ఆ ఏడాదే మేము తలుపులు చేస్తున్న ఇంటి యజమాని బొంబాయి నుంచి జపాన్ రంపం తెచ్చాడు. రేకు కాగితమంత పలుచన.

"దీంతోని దోసకాయలు కోసుకోవాలె పటేలా!" అని వెక్కిరించి, టేకు చెక్క మీద పెట్టి బలంగా తోశాను. రేకు విల్లులా వంగి, పట్టు తప్పి నా బొటనవేలిని చీల్చింది. కూలీలు ఘొల్లున నవ్వారు.

"పనికిమాలిన బొమ్మ!" అని విసిరికొట్టాను.

నాన్న దాన్ని తీసుకుని నేలమీద కూర్చున్నాడు. చెక్కను కాలితో తొక్కిపట్టి లాగాడు. రంపం గీత మీద సూటిగా దిగిపోయింది.

"పండ్లు ఇటు మళ్లినయి, కనవడ్తలేదా? ఇది మన రంపమే గదరా," అన్నాడు, నా రక్తం వైపైనా చూడకుండా. "దీన్ని గూడ పాత సామాన్లోనికి ఎయ్యకు."

ఆ సర్టిఫికెట్ ఎక్కడ పోయిందో నేనెప్పుడూ వెతకలేదు. బొటనవేలి మీద మచ్చ మాత్రం చెక్కుచెదరలేదు.