నా పన్నుకి నేనే ఎంచుకున్న సిమెంటు

సౌదీలోని హుఫూఫ్‌లో నేను పళ్ల డాక్టర్ని. దవడలో బిగించిన ఇంప్లాంటు మీద పంటి క్యాప్ అతికించడానికి ఏ సిమెంటు మంచిదని అడిగితే చాలు, నాకు పూనకం వచ్చేస్తుంది. "గట్టిది వద్దు. లోపల స్క్రూ వదులైతే క్యాప్ పగలగొట్టాలి. తాత్కాలిక సిమెంటైతే చక్కగా ఊడొస్తుంది" అని ఉపన్యాసం దంచుతాను. నా ముందు పన్నుకే ఇంప్లాంటు పడినప్పుడు తోటి డాక్టరు, "ముందు పన్ను గదన్నా, గట్టిది యేద్దామా?" అన్నాడు. చెప్పేదొకటి చేసేదొకటి అయితే ఎలా? తాత్కాలికమే వేయించుకుని, అద్దంలో ఆదర్శపురుషుడిలా నవ్వుకున్నాను.

ఖర్జూరం తోటలున్న ఒక పెద్దాయనకీ ఇదే ఉపన్యాసం ఇచ్చాను. ఆయన కట్టుడు పళ్లు ఖర్జూరానికి అంటుకుని లేచి వచ్చేస్తాయి. సొంత తోటలో కాసిన పండు నమలలేకపోవడం ఆయనకి పెద్ద దిగులు. ఇంప్లాంట్లు కావాలి, డాక్టర్ల మీద మాత్రం నమ్మకం లేదు. మనిషెలాంటివాడో చూద్దామనేమో, నన్ను ఇంటికి పిలిచాడు.

మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, తివాచీ మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, గావా అనే అరబ్బు కాఫీ పెట్టారు. మన పనితనం చూపిద్దామని నేను గింజని చేత్తో తీయకుండా ముందు పళ్లతో కొరికి లాగాను. క్యాప్ కాస్తా ఊడి ఖర్జూరంలో కూరుకుపోయింది.

రెండూ కలిపి బుగ్గన పెట్టుకుని నోరు మూసుకున్నాను. గావా పోసే మనిషి వచ్చాడు. ఇక్కడ చాలనుకుంటే చేతిలోని బుల్లి కప్పుని ఊపాలి. ఆ గాభరాలో నేను మనూళ్లోలా తల అడ్డంగా ఊపాను. అతను నా తల చూస్తేగా! పోశాడు. తాగి మళ్లీ ఊపాను, మళ్లీ పోశాడు. చివరికి పొలమారి దగ్గాను. క్యాప్ వెళ్లి పెద్దాయన ముందు పడింది.

ఆయన దాన్ని తుడిచి, తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా పగల్లేదు. తర్వాత నా తొర్రిని చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఈయన నా గడప తొక్కడనుకున్నాను.

"మిగతా డాక్టర్లందరూ జన్మలో ఊడదన్నారు" అన్నాడాయన అరబీలో. "నువ్వొక్కడివే ఊడొస్తుందన్నావు. ఊడొచ్చింది." క్యాప్ నా అరచేతిలో పెట్టాడు. "నా పళ్లు నువ్వే కట్టు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి తల నిలువుగా ఊపాను. కప్పు ఊపడం మళ్లీ మర్చిపోయాను. గావా పోశారు.