తాటిచెట్టెక్కిన తిట్లు

మా అత్తగారి బొబ్బర చేనును జింకల నుంచి కాపాడబోయి, నా కాపురాన్ని మాడుగుల రోడ్డున పోయేవాళ్లందరికీ వినిపించిన ఘనుణ్ణి నేను. ఆ భాగోతం చెబుతాను, నవ్వండి. ఊరు ఊరంతా నవ్వింది, మీరొక్కరు మొహమాటపడితే నాకు ఒరిగేదేమీ లేదు.

అప్పటికి నాకు పెళ్లై ఏడాది తిరగలేదు. చోడవరంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే లోకంలో బాగుపడనిది లేదని గట్టి నమ్మకం. మా అత్తగారు సన్యాసమ్మది మాడుగుల అవతల, కొండ కింద పల్లె. రోడ్డు పక్కనే ఆవిడ చేను. ఆ ఏడు బొబ్బర్లు వేసింది. మొక్క ఆకు విప్పిందో లేదో, కొండ మీద జింకలకు కబురందింది. తెల్లారేసరికి దిగి, పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు వరసగా నిలబడి మేసిపోయేవి.

సరిగ్గా అప్పుడే మా మరదలికి నెలలు నిండాయి.

"బాబూ, నేను సిన్నదాని దగ్గిరికెల్లాల. తీగ సాగేదాకా సేను సూసుకుంటావా? ఆ ఇత్తనం మాయమ్మ కాణ్ణించి వస్తంది. పోతే మల్లీ దొరకదు," అంది అత్తగారు.

"నువ్వు నిమ్మళంగా ఎల్లత్తా. ఒక్క ఆకు పోతే నన్నడుగు," అన్నాను.

ఆవిడ బస్సెక్కగానే చేను చుట్టూ పాత చీరలు కట్టాను. మర్నాడు వెళ్లి చూస్తే ఒక జింక చీరకొంగు నములుతూ నాకేసి మర్యాదగా చూసింది. పక్క చేను అప్పలనాయుడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటి బావా, తిండితో పాటు బట్టలు కూడా పెడతన్నావా?" అన్నాడు.

పౌరుషం పొడుచుకొచ్చింది. అనకాపల్లి వెళ్లి, పిట్టలను తోలే మైకు కొన్నాను. గొంతు ఎక్కించి పెడితే అదే మాట మళ్లీ మళ్లీ అరుస్తుంది. "హేయ్, పోండి" అని నా గొంతు ఎక్కించాను. జింకలు తలెత్తి విన్నాయి, బాగుందన్నట్టు మళ్లీ దించుకున్నాయి.

"కొత్తల్లుడు రెండో గ్లాసు కాఫీ అడిగినట్టుంది బావా. గదమాయించే గొంతు కావాల," అన్నాడు అప్పలనాయుడు.

గదమాయించే గొంతు నా ఇంట్లోనే ఉందని అప్పుడు తట్టింది. మా ఆవిడ నూకరత్నం మనసు వెన్న. గొంతు మాత్రం రైసుమిల్లు. మర్నాడు పొద్దున్నే ఆమె దాచుకున్న మాడుగుల హల్వా ఆమె కళ్లముందే ఖాళీ చేసి, జేబులో ఫోను రికార్డింగుకి పెట్టి నిలబడ్డాను. వరదొచ్చిన పెద్దేరులా విరుచుకుపడింది. నేను భక్తిగా విన్నట్టు తలూపాను గానీ, నిజానికి నా ధ్యాసంతా ఫోను ఆగిపోకూడదనే. రికార్డింగులో మొదటి ముక్క విని, అమోఘం అనుకుని, మిగతాది వినకుండానే మైకులోకి ఎక్కించేశాను. బాగా దూరం వినిపించాలని కల్లుగీత వాడి చేత తాటిచెట్టు పైన కట్టించాను.

మొదటి కేకకే జింకలు కొండెక్కాయి. నేను ఈలేసుకుంటూ కొట్టుకి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రమే, పుట్టిన మనవణ్ణి చూసుకుని, ఒక్కపూట చేను చూసిపోదామని అత్తగారు వచ్చింది. నేనూ నూకరత్నం బస్సు దగ్గర కలుసుకుని చేనుకి తీసుకెళ్లాం. ఊడ్పుల నుంచి వస్తున్న ఆడవాళ్లంతా మా గట్టు మీద బారులు తీరి ఉన్నారు. తాటిచెట్టు మీంచి తిట్లు కురుస్తున్నాయి.

"ఒసే రత్నం, నువ్విక్కడుంటే అక్కడెవరే?" అంది అత్తగారు.

నూకరత్నం చెవి ఒగ్గి, "నేనేనే అమ్మా," అంది. తర్వాత నాకేసి చూసింది. ఆ చూపు గురించి రాయడానికి ఇప్పటికీ నాకు ధైర్యం లేదు.

నేను చెట్టెక్కబోయి జారాను. మళ్లీ ఎక్కబోయాను. పైన మైకు నిదానంగా అసలు సంగతికి వచ్చింది: "మాయమ్మ ఎదర అత్తా అత్తా అని సేతులు కట్టుకుంటావు. ఆవిడ అటెల్లగానే ఆవిడ నడక నడిసి ఎక్కిరిస్తావు. నీకు హల్వా ఒకటా?"

గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి. అత్తగారు చేనులోకి దిగి, వంగి మొక్కలను చేత్తో తడిమింది.

"జింకలు మల్లీ వచ్చేయా?"

"రాలేదత్తా."

"అయితే కాయ కోసేదాకా ఆ మైకు అక్కడే ఉండాల," అంది. తర్వాత గట్టున తీరిగ్గా కూర్చుని, "ఏదీ బాబూ, నా నడక ఓపాలి నడు. సూద్దారి."

నడిచాను. ఊరంతా చూస్తుండగా, ఆ చివర నుంచి ఈ చివరకు.

"ఎడమకాలు ఇంకాస్త ఈడ్సాల," అని దిద్దింది అత్తగారు, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటూ.

అంతటితో పోయేదే. కానీ అప్పలనాయుడు చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. మా చేను నుంచి కొండెక్కిన జింకలన్నీ అటుపక్కగా దిగి అతని చేనులో పడ్డాయట.

"సెల్లమ్మా, మా సేనుకి కూడా అలాటిది ఓటి తిట్టి పెట్టవా?"

"తిడతానన్నయ్యా. కాకపోతే ఈయన్ని నా ఎదర నిలబెట్టాల. ఈయన కనపడకపోతే నాకు మాట పెగలదు," అంది నూకరత్నం.

నిలబడ్డాను. చుట్టరికం మరి. నిలబడే, కొండకేసి చేతులు జోడించి ఒట్టు పెట్టుకున్నాను: నా ఇంట్లో పుట్టిన ఏ మాటైనా నా చెవుల్లోనే అణగారిపోవాలి గాని, ఈ జన్మలో మరి తాటిచెట్టెక్కరాదు.